పొత్తిగుడ్డల లెక్క

పసిబిడ్డ ఉన్న ఇల్లు ఏదని వీధిలో ఎవరినీ అడగనక్కరలేదు, దండెం చూస్తే తెలుస్తుందని మా అవ్వ అంటూ ఉండేది. ఆమె కాలానికి అది నిజమే. కోయంబత్తూరు పీళమేడులో గాని, మదురై మాసివీధుల పక్క సందుల్లో గాని, మనవాళ్ళ పెరట్లో చిన్న చిన్న పాతగుడ్డలు బారులు దీరి ఆరుతూ ఉంటే ఆ ఇంట పురుడు జరిగినదని అర్థం. ఇప్పుడు దండేలు మేడ మీదికి పోయినవి. గుడ్డల చోట వాడి పారేసే డయాపర్లు వచ్చినవి. అయినా గుడ్డలే మేలని ఘంటాపథంగా చెప్పే పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. మేలా కాదా అన్న సంగతి మీద, ఒక సంవత్సరం పాటు రోజూ ఆ గుడ్డలు ఉతికినవాడిగా నాలుగు మాటలు వ్రాయాలనిపించినది.

నేను ఒక నూలుమిల్లు ఆఫీసులో గుమాస్తాను. చదువు మెట్రిక్యులేషన్‌తో సరి. పెండ్లయిన పదమూడేండ్లకు, నా నలభై మూడో ఏట, 2022 ఆగస్టులో మాకు మగబిడ్డ పుట్టినాడు. తొలి పురుడు పుట్టింట్లోనే కావాలన్న ఆచారం ప్రకారం నా భార్యను మదురైకి పంపినాము. ఆపరేషన్ చేసి బిడ్డను తీసినారు. తల్లి వంగకూడదు, బరువెత్తకూడదు అని డాక్టరమ్మ చెప్పినది. వంగకుండా చేయగల పని పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఒక్కటి చెప్పండి చూద్దాం!

మదురైలో ఉన్న మూడు నెలలూ ఏ చిక్కూ తెలియలేదు. మా అత్తగారు ఆరు నెలల ముందునుంచే తన పాత సుంగుడి చీరలు పెట్టెలోనుంచి తీసి, చించి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మడతలు పెట్టి ఉంచినది. ఏండ్ల తరబడి ఉతికిన సుంగుడి నూలుచీర ఎంత మెత్తగా ఉంటుందో మదురై వాళ్ళకు నేను చెప్పాలా? రంగు ఎప్పుడో పోయి ఉంటుంది, గంజి జాడ ఉండదు, నీళ్ళు పడితే ఇట్టే పీల్చుకుంటుంది. కొత్తగుడ్డ ఎంత ఖరీదైనదైనా అలా పీల్చుకోదు.

గుడ్డ కట్టే తీరు కూడా ఆమె దగ్గరనే చూచినాను. బిడ్డకు మొలతాడు కట్టిన తర్వాత పిన్నీసుతో పనిలేదు. గుడ్డను పొడుగ్గా మడిచి, ముందొక కొస, వెనకొక కొస మొలతాడులో దోపితే గోచీ అయినది. తడిసినప్పుడు ఒక్క లాగుతో ఊడివస్తుంది. పగలు బిడ్డను చీర ఉయ్యాలలో వేస్తే గోచీ కూడా అక్కరలేదు. తడి చీరగుండా కిందికి దిగిపోతుంది, కింద ఒక గోనెపట్టా వేస్తే చాలు. మనం కూడా అరవవాళ్ళ లాగా దాన్ని తూళి అనే అంటాము. ఎవరు కనిపెట్టినారో గాని మంచి బుర్ర ఉన్నవాళ్ళే.

గుడ్డతో ఇంకొక లాభం ఆస్పత్రి నర్సమ్మ మాటల్లో తెలిసినది. ఐదో రోజు దాటిన తర్వాత బిడ్డ రోజుకు కనీసం ఆరు గుడ్డలు తడిపితే తల్లిపాలు చాలుతున్నట్లు లెక్క అని ఆమె చెప్పినది. గుడ్డ తడిసిన వెంటనే తెలుస్తుంది, లెక్క దానంతట అదే వస్తుంది. డయాపరు అంతా లోపలే మింగి కూర్చుంటుంది, ఎన్నిసార్లు పోసినాడో చెప్పదు.

నవంబరు మొదట్లో తల్లినీ బిడ్డనూ రైలులో కోయంబత్తూరు తీసుకొని వచ్చినాను. ఆ ఐదారు గంటల ప్రయాణానికి మాత్రం డయాపరే వేసినాము. ఇంటికి చేరిన మరునాటినుంచి అసలు కథ మొదలైనది.

అది ఐప్పసి మాసం. అడైమళై అని అరవంలో అంటారే, ఆ ముసురు. మా ఇంట్లో మేమిద్దరమే. మా అమ్మ కాలం చేసి ఎనిమిదేండ్లు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మామగారిని విడిచి రాలేదు. ఇంటిపని చేసే అమ్మ గిన్నెలు తోముతాను గాని పసిపిల్లవాడి గుడ్డలు ముట్టనని మొదటే చెప్పినది. ఆమె మాట తప్పని నేను అనలేను. ఆమె ఇంట్లో ఆమెకు వేరే గుడ్డలు కాచుకొని ఉన్నవి.

గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒక పాత డైరీలో లెక్క వ్రాయడం మొదలుపెట్టినాను. మొదటి రోజు ఇరవైరెండు గుడ్డలు. రెండో రోజు పంతొమ్మిది. మూడో రోజు విరేచనాలు పట్టుకొని ఇరవైతొమ్మిది. మా దగ్గర ఉన్నవి మొత్తం నలభై. ఎండ ఉంటే రెండు గంటల్లో ఆరిపోయే గుడ్డ ఆ ముసురులో రెండు రోజులు పట్టినది. కుర్చీల మీద, కిటికీ చువ్వల మీద, ఫ్యాను కింద, చివరికి నా ఆఫీసు గొడుగు విప్పి దాని కమ్మీల మీద ఆరవేసినాము. అత్తగారికి ఫోను చేస్తే, "మాపిళ్ళా, కుంపట్లో నిప్పులు వేసి, మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద గుడ్డలు పరవండి. కాస్త సాంబ్రాణి వేస్తే కంపు కూడా పోతుంది" అన్నది. అపార్టుమెంటు మూడో అంతస్తులో కుంపటి ఎక్కడినుంచి తెచ్చేది? ఇస్త్రీపెట్టెతో కాలక్షేపం చేసినాము.

తర్వాత నీళ్ళ గొడవ. శిరువాణి నీళ్ళు తియ్యన అని కోయంబత్తూరు వాళ్ళం గొప్పలు చెప్పుకుంటాము. కాని ఆ నీళ్ళు కొళాయిలో వచ్చేది కొన్ని రోజులకు ఒకసారి, అవి తాగడానికీ వంటకూ సరి. గుడ్డలకు మిగిలేది బోరునీళ్ళే, ఉప్పునీళ్ళు. వాటిలో సబ్బు నురగ రాదు, నీటిలోని సున్నపు పదార్థంతో కలిసి తెట్టె కడుతుంది. ఆ తెట్టె గుడ్డలో నిలిచి ఆరినాక అప్పడంలాగా గట్టిపడుతుంది. సుంగుడి మెత్తదనమంతా పదిహేను రోజుల్లో పోయినది, పిల్లవాడి తొడలు ఎర్రగా కందినవి. అప్పటినుంచి కడపటి జాడింపుకు మాత్రం ఒక బక్కెట్టు మంచినీళ్ళు తీసి ఉంచుకున్నాము. కంపెనీవాళ్ళు అమ్మే మెత్తబరిచే ద్రవాలు వేయవద్దని డాక్టరమ్మ ముందే హెచ్చరించినది. అవి నూలుకు పూతలాగా పట్టి నీళ్ళు పీల్చుకొనే గుణాన్ని తగ్గిస్తాయట.

మూడో చిక్కు విచిత్రమైనది. గుడ్డలు చాలక ఇంకొక ఇరవై కావాలంటే పాతనూలు దొరకలేదు! 1888లో మొదటి మిల్లు పెట్టినది మొదలు, 1930ల్లో పైకారా కరెంటు వచ్చి వీధి వీధికీ మిల్లు లేచి, దక్షిణ దేశపు మాంచెస్టరు అని పేరు తెచ్చుకున్న ఊరు మాది. నేను రోజూ నూలు బేళ్ళ లెక్క వ్రాసేవాడిని. అయినా మా బీరువా తెరిస్తే పాలియెస్టరు చీరలు, నైలాను చుడీదార్లు, నా ప్యాంట్లు తప్ప చించి బిడ్డకు వేయదగిన గుడ్డ ఒక్కటి లేదు. ఒకనాడు ప్రతి ఇంటా నూలుచీర, నూలుపంచె ఉండేవి గనుక అవి పాతబడి పొత్తిగుడ్డలయ్యేవి. పాతగుడ్డ కావాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని పదేండ్లు కట్టి ఉండాలి గదా! చివరకు ఆఫీసులో తిరుప్పూరు స్నేహితుడు ఒకడు బనియను గుడ్డ ముక్కలు ఒక సంచీనిండా తెచ్చి ఇచ్చి ఆదుకున్నాడు.

ఇన్ని చిక్కులున్నా డయాపర్లు కొనక ఎందుకీ అవస్థ అని మీరడగవచ్చు. మా వీధి కొట్టులో ఒక్కొక్కటి పది పన్నెండు రూపాయలు. రోజుకు ఎనిమిది వేస్తే నెలకు రెండున్నర వేలు దాటుతుంది. నా జీతంలో అది చిన్న మొత్తం కాదు. నా భార్యకు 2017 సవరణ చట్టం ప్రకారం ఇరవైఆరు వారాల సెలవు దొరికినది గాని, ఫిబ్రవరిలో ఆమె పనికి పోవలసినదే. గుడ్డలు ఉతకడం నా వంతు అయినది. తెల్లవారి ఐదు గంటలకు లేచి, మలినం ముందు చల్లనీళ్ళతో జాడించి, నానబెట్టి, వేడినీళ్ళలో సబ్బు పెట్టి, రెండుసార్లు జాడించి, ఆరవేసేసరికి గంటా పది నిమిషాలు. ఆరు బక్కెట్ల నీళ్ళు. ఇది డైరీ లెక్క, అతిశయోక్తి కాదు.

ఆ రోజుల్లో ఒక పెళ్ళి పందిట్లో మనవాళ్ళు ఒక పెద్దాయన నాతో, "మేమందరం గుడ్డల్లోనే పెరిగినాం. మా ఇండ్లల్లో ఇదొక పనిగా ఎవరూ అనుకోలేదు" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. పక్కన మా పెద్దక్క కూర్చొని ఉన్నది. ఆమె నెమ్మదిగా, "అనుకున్నాం మామా. చెప్పుకోలేదు, అంతే" అన్నది.

నేను పుట్టినప్పుడు ఆమెకు పదకొండేండ్లు. అమ్మకు పురిట్లో జబ్బు చేసి నాలుగు నెలలు మంచం దిగలేదట. నాన్న మిల్లుకు పోయేవాడు. బావిలో నీళ్ళు తోడి నా గుడ్డలు ఉతికినది అక్కే. ఐదో తరగతి పరీక్షలకు పోలేదు. ఆ తర్వాత బడికే పోలేదు. "బడి మళ్ళీ చేరతానని అడగలేదా అక్కా?" అని అడిగినాను. "నువ్వు నడిచేదాకా అడగాలని తోచలేదు. నువ్వు నడిచేసరికి నా వయసువాళ్ళు ఏడో తరగతికి పోయినారు. చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గేసింది" అన్నది. ఇప్పటికీ బస్సు మీద పేరు చదవాలంటే పక్కవాళ్ళను అడుగుతుంది. నేను మెట్రిక్యులేషన్ చదివి గుమాస్తానయినాను. ఆ గుడ్డల లెక్క ఏ డైరీలోనూ లేదు.

అందువల్ల గుడ్డలు చౌక అని ఎవరైనా అన్నప్పుడు నాకు సందేహం కలుగుతుంది. గుడ్డ చౌకే. చెయ్యి చౌక కాదు. ఆ చెయ్యి అవ్వదో, అక్కదో, కోడలిదో అయినప్పుడు మనం కూలి లెక్క వేయలేదు గనుక చౌకగా కనిపించినది. ఈ అలసట మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో మారియన్ డోనొవాన్ అనే తల్లి పక్కబట్టలు మార్చి మార్చి విసిగి, 1946లో స్నానాల గది తెరను కత్తిరించి గుడ్డ మీద తొడిగే తొడుగు కుట్టినది. 1951లో దానికి పేటెంటు వచ్చినది. పాంపర్స్ 1961లో బజారుకు వచ్చినవి. విసిగిన చేతుల వల్లనే ఈ వస్తువులన్నీ పుట్టినవి. వాటిని సోమరితనం అనడం న్యాయం కాదు.

అలాగని అవి నిర్దోషి వస్తువులూ కావు. లోపల ఉండే పొడి నీళ్ళు పీల్చి జెల్లీ అవుతుంది, బయట ప్లాస్టిక్కు. మట్టిలో కలవదు. వాటిని చుట్టి పొడి చెత్త బుట్టలో వేయాలని 2016 నాటి చెత్త నియమాలే చెప్పినవి. మన ఊరి చెత్త చేరిన వెళ్ళలూరు గుట్టల పక్క కాపురమున్నవాళ్ళను అడిగితే మన సౌకర్యానికి ఖరీదు ఎవరు కడుతున్నారో చెబుతారు. అక్కడ కూడా చెయ్యి ఎవరిదో ఒకరిదే.

మేము చివరకు నడిమి దారి పట్టినాము. పగలు గుడ్డ, ప్రయాణానికీ రాత్రికీ డయాపరు ఒక్కటి. ఉతికేది నేను, మడిచేది ఆమె. కొన్నాళ్ళకు ఆ పనిలో నాకు ఒక లాభం కనబడినది. గుడ్డ మార్చేటప్పుడు పిల్లవాడు మన మొహంలోకే చూస్తాడు. రోజుకు పదిసార్లు, మార్చినప్పుడల్లా రెండు మూడు నిమిషాలు, వేరే పని లేదు. అప్పుడు నోట వచ్చే మాటలు నాకు తెలియకుండానే మా అవ్వ మాటలు: లాల, ఉగ్గు, బువ్వ, గోచీ, మొలతాడు. బడిలో అరవం, ఆఫీసులో అరవం ఇంగ్లీషు, వీధిలో అరవం. నాయకరాజుల నాడు వచ్చిన మన ఇండ్లల్లో తెలుగు ఇన్ని వందల ఏండ్లు నిలిచినదంటే, ఇటువంటి రెండేసి నిమిషాల్లోనే నిలిచి ఉంటుంది. దాన్ని ఆడవాళ్ళు నిలబెట్టినారు, గుడ్డలు మారుస్తూ.

కడపటగా ఒక మనవి. మన ఇండ్లల్లో సీమంతానికి గాజులు, పట్టుగుడ్డలు, వెండి గిన్నెలు ఇస్తున్నాము. వాటితోబాటు, మీ పెట్టెలో అడుగున మిగిలిన పాత నూలుచీర ఒకటి ఉంటే, ఉడకబెట్టి, ఎండలో ఆరవేసి, మడిచి ఇవ్వండి. అది ఇప్పుడు అంగట్లో దొరకదు. కాబోయే తండ్రికి మాత్రం ఒక కొత్త బక్కెట్టు ఇవ్వండి. అది ఎక్కడైనా దొరుకుతుంది.