మిగతా ఆరంకెలు

1972లో జపాన్‌లో వచ్చిన కేసియో మినీ కాలిక్యులేటర్‌కి దశాంశ చుక్క మీటే లేదు. తెర మీద ఆరంకెలే. ధర తగ్గించడానికి చేసిన పొదుపు అది. లోపల మాత్రం పన్నెండంకెల దాకా లెక్క కట్టేది. జవాబు ఆరు దాటితే ముందు పై అంకెలే కనిపిస్తాయి, ఇంకో మీట నొక్కితేనే కింది ఆరు. పది నెలల్లో పది లక్షలు అమ్ముడుపోయాయి. ఆ సంఖ్య కూడా దాని తెర మీద పట్టదు!

ఫ్రాన్సు నుంచి వచ్చిన చుట్టం ఒకాయన యానాంలో మా నాన్నకి ఒకటి ఇచ్చాడు. నాలుగు పెన్సిల్ సెల్లు, ఆకుపచ్చ అంకెలు, జేబులో పట్టీపట్టని ఆకారం. నాన్నది కొబ్బరికాయల వ్యాపారం.

ఆయన చదివింది ఫ్రెంచి బడిలో. ఫ్రెంచివాళ్లు దశాంశానికి చుక్క కాదు, కామా పెడతారు. 1954లో ఫ్రెంచి పాలన పోయింది కానీ, ఆ కామా నాన్న చేతిలోంచి పోలేదు. పదకొండు రూపాయల యాభై పైసలని 11,50 అని రాసేవాడు. ఎదుర్లంక నుంచి పంటు మీద వచ్చిన రైతు దాన్ని పదకొండు వందల యాభై అని చదివేవాడు. కాసేపు వాదన. చుక్కా కామా రెండూ లేని మిషను వచ్చాక ఆ గొడవ తీరింది. లెక్కంతా పైసల్లోనే.

కొత్త చిక్కొకటి వచ్చింది. 12,450 కాయలు, కాయ 95 పైసలు. గుణిస్తే తెర మీద ‘1’ ఒక్కటే! రైతు మొహం మాడిపోయేది. మీట నొక్కితే 182750. రెండూ కలిపి చదువుకుంటే పదకొండు వేల ఎనిమిది వందల ఇరవై ఏడు రూపాయల యాభై పైసలు.

ఆ మీట నాన్న తను నొక్కేవాడు కాదు. మిషను రైతు చేతిలో పెట్టి “మీరే నొక్కండి బాబూ” అనేవాడు. “ఆయ్” అని ఆయన బొటనవేలితో గట్టిగా నొక్కేవాడు. అంకెలు రానివాళ్లయితే, వచ్చిన మనిషి ఎవరైనా దొరికేదాకా బేరం ఆగాల్సిందే. సగం జవాబు చూపించే మిషను తన చేతిలో ఉన్నప్పుడు తన మాటొక్కటే చాలదని నాన్న లెక్క.

ఇప్పుడు హైదరాబాదులో నా ఫోనుకి రోజూ అప్పిస్తామని మెసేజీలు. నెలకి ఇంతే అని పెద్ద అంకెల్లో ఉంటుంది. మొత్తం ఎంతవుతుందో ఎక్కడో అడుగున, సన్న అక్షరాల్లో. తెరకి చోటు చాలక కాదు. పన్నెండేం ఖర్మ, ఇరవై అంకెలైనా పడతాయి. మిగతా అంకెల మీట మన చేతికివ్వడమే వాళ్లకిష్టం లేదు.