అవ్వ మెదడులో రెండు భాషలు

మా ఇంట్లో 'నరం' అన్న మాటకు అర్థాలు ఎక్కువ. చేతిమీద పచ్చగా కనబడేదీ నరమే, మెడ పట్టేస్తే లాగేదీ నరమే, సినిమాలో ఉత్కంఠ పెరిగితే తెగేదీ నరమే. పక్కింటి తమిళం వాళ్లకూ అంతే, వాళ్ల 'నరంబు' కూడా అన్నిటికీ సరిపోతుంది. నిజానికి చేతిమీద పచ్చగా కనబడేది సిర, నెత్తురు ప్రవహించే గొట్టం. మెడలో పట్టేసేది చాలాసార్లు కండరం. పాఠపుస్తకంలో నాడి అనేది వేరే ఉంది. మెదడుకూ ఒంటికీ మధ్య కబుర్లు మోసే తీగ అది. ఈ తేడా మా కుటుంబానికి అవ్వ జబ్బుపడినప్పుడు బాగా తెలిసొచ్చింది. ఇంట్లో పిల్లలకు, బయట ఉండే మన వాళ్లకు పనికొస్తుందని రాసిపెడుతున్నాం.

ముందు అమరిక చూద్దాం. తలలో మెదడు, దాని కింద వెన్నెముక లోపల వెన్నుపాము. ఈ రెండూ కేంద్రం. మెదడు నుంచి 12 జతల కపాల నాడులు, వెన్నుపాము నుంచి 31 జతల వెన్ను నాడులు బయల్దేరి ఒళ్లంతా పాకుతాయి. వెన్నుపాము పొడవు పెద్దవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్లు. మన వాళ్లు దాన్ని పాము అన్నారు. తమిళంలో తండువడం అంటారు, వడం అంటే తాడు, తేరు లాగే తాడు లాంటిది. రెండు పోలికలూ బాగానే కుదిరాయి.

మెదడు బరువు కిలో మూడు నాలుగు వందల గ్రాములు. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు. ఒంటి బరువులో నూటికి రెండు వంతులే అయినా, ఒళ్లు వాడుకునే ప్రాణవాయువులో ఐదో వంతు దానికే కావాలి. పెద్దమెదడు ఆలోచన, మాట, జ్ఞాపకం, చూపు చూసుకుంటుంది. దాని వెనక కింద ఉండే చిన్నమెదడు తూకం తప్పకుండా నిలబెడుతుంది. తిరుత్తణి కొండకు 365 మెట్లు ఎక్కేటప్పుడు ప్రతి మెట్టుకూ కాలు ఎంత ఎత్తాలో మనం లెక్క వేసుకోం, అది చిన్నమెదడు పని. ఎక్కుతుంటే గుండె దడదడలాడడం, కిందికొచ్చి కూర్చున్నాక నెమ్మదించడం స్వయంచోదిత నాడుల పని. కాలే దోసెపెనం తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది. ఆ ఆజ్ఞ ఇచ్చేది వెన్నుపామే. మెదడుకు సంగతి తెలిసి "అమ్మా" అనేలోపే చెయ్యి వచ్చేసి ఉంటుంది.

ఇంకో వింత, కుడిపక్క ఒంటిని నడిపేది ఎడమ మెదడు, ఎడమపక్కను నడిపేది కుడి మెదడు. కండరాలను కదిలించే నాడీదారులు చాలావరకు మెదడు అడుగున మజ్జాముఖం దగ్గర ఒకదాన్నొకటి దాటి అటువైపు పోతాయి. మాట్లాడే శక్తి కూడా ఎక్కువమందిలో ఎడమ మెదడులోనే ఉంటుంది. 1861లో పారిస్‌లో బ్రోకా అనే వైద్యుడు మాట పోయిన మనిషి మెదడును, అతను చనిపోయాక పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బ ఉన్నట్టు చూపించాడు. 1874లో వెర్నికె, ఎదుటివాళ్ల మాట అర్థమయ్యే చోటు ఇంకొంచెం వెనక ఉందన్నాడు.

రెండేళ్ల కింద ఒక పొద్దున మా అవ్వకు కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఎడమ మెదడుకు నెత్తురు తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడిందని స్కాన్‌లో తేలింది. ఆసుపత్రిలో నర్సమ్మ తమిళంలో "కైయై తూక్కుంగ" అని రెండు మూడుసార్లు అడిగింది. అవ్వ ఊరికే చూస్తా ఉండిపోయింది. పక్కన నిలబడిన మా అమ్మ "అత్తా, ఎడం చెయ్యెత్తు" అనగానే ఎత్తింది. డాక్టరుగారు అది గమనించి, ఆ రోజునుంచి అవ్వను తెలుగులో అడిగించమన్నారు. లేకుంటే ఆమెకు ఏమీ అర్థం కావడం లేదని అనుకునేవాళ్లం.

అవ్వ పుట్టింది తిరుత్తణి పక్క పల్లెలో. అప్పుడది చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలోకి వచ్చేసరికి అవ్వకు పన్నెండేళ్లు, తెలుగు బడిలో చదువుకునేది. తమిళం తరువాత సంతలో, బస్సుల్లో, ఆఫీసుల్లో నేర్చుకుంది. అరవై ఏళ్లకు పైగా రెండు భాషల్లోనూ బతికింది.

ఇట్లాంటి వాళ్లకు మాట పోతే ఏ భాష ముందు తిరిగొస్తుంది? పందొమ్మిదో శతాబ్దం చివర ఫ్రాన్సులోనే రెండు వాదాలు వచ్చాయి. చిన్నప్పుడు నేర్చిందే నిలుస్తుందని రిబో, రోజూ ఎక్కువ వాడేదే ముందొస్తుందని పీత్ర్. ఎక్కువమందిలో రెండు భాషలూ కలిసే తిరిగొస్తాయని తరువాతి అనుభవం. కానీ అవ్వకు చిన్నప్పటిదీ, ఇంట్లో రోజూ వాడేదీ తెలుగే. మొదట వచ్చిన మాట "మజ్జిగ". ఒకటి నుంచి పది దాకా గడగడా చెప్పేది, 'మూడు' ఒక్కటే చెప్పమంటే వచ్చేది కాదు. అలవాటుగా నోట్లోంచి దొర్లేదానికీ, వెతుక్కుని చెప్పేదానికీ మెదడులో దారులు వేరని అప్పుడు అర్థమైంది. మూడో నెలలో కూరగాయలామెను "ఎవ్వళవు?" అని అడిగి, రెండు రూపాయలు తగ్గించమంది. ఇంటిల్లిపాదీ వాకిట్లోకి పరుగెత్తుకొచ్చాం.

తిరువళ్ళూరులో వైద్య వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం వేసి రమ్మని అవ్వ సైగతో అడిగితే వేసొచ్చాం. బెల్లం కరిగినట్టు జబ్బు కరగాలని అక్కడ మొక్కు. మాత్రలూ, రోజూ వ్యాయామమూ మాత్రం ఆపలేదు.

బయట స్థిరపడిన మన వాళ్లు "రెండు భాషలైతే పిల్లలు గందరగోళపడతారు, తెలుగు వదిలెయ్యండి" అనడం మేము చాలాసార్లు విన్నాం. దీనికి జవాబు హైదరాబాదు నుంచే వచ్చింది. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించింది. వాళ్లలో 391 మందికి ఒకటి కంటే ఎక్కువ భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే వీళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా కనబడింది. 2013లో ఇది అచ్చయింది. తరువాత పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్లు ఒక భాషవాళ్లలో నూటికి 20 మంది, రెండు భాషలవాళ్లలో 40 మంది. మాట పోవడంలో మాత్రం తేడా లేదు. భాషలు జబ్బును ఆపుతాయని ఎవరూ అనడం లేదు. రోజూ ఒక భాషను అణచి ఇంకొకటి తీయడం మెదడుకు సాముగరిడీ అయివుండొచ్చని పరిశోధకుల ఊహ.

ఒక్కమాట గట్టిగా చెప్పాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, పావురం నెత్తురు రాద్దామని కూర్చోవద్దు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోయే అలవాటు మనకుంది, ఇది అట్లాంటిది కాదు. వెంటనే 108కి ఫోన్ చేసి, స్కాన్ ఉన్న ఆసుపత్రికి పోండి. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ లోపల నెత్తురు కారలేదని స్కాన్‌లో తేలాకే. పెద్ద నాళం మూసుకుంటే చికిత్స లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయి.

మా పిల్లలకు బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఇప్పుడు సాయంత్రంపూట అవ్వ దగ్గర కూర్చుని వస్తువు చూపించి పేరు అడుగుతారు. అవ్వ తెలుగులో చెబితే వాళ్లు తమిళంలో, తమిళంలో చెబితే వాళ్లు తెలుగులో చెప్పాలి. నిన్న చెంబు దగ్గర ఆగిపోయింది అవ్వ కాదు, చిన్నోడు.