రంగు ఎవరి కోసం?

అండమాన్ పగడపు దిబ్బల అంచున జెయింట్ ట్రెవల్లీ కోసం విసిరే పాపర్ ఎరకు కళ్లూ, పొలుసులూ, రంగురంగుల పొట్టా దిద్ది మరీ అమ్ముతారు. ఆ ముస్తాబులో సగం కొనేవాడిని పట్టడానికేనని నా అనుమానం. పార చేపల కుటుంబంలో అతి పెద్దవాటిలో ఒకటైన ఈ చేప, ఎరను కింది నుంచి చూస్తుంది; వెలుగుతున్న ఆకాశం కింద దానికి కనబడేది ప్రధానంగా ఒక నల్లని ఆకారమే. పాపర్ గుంటమూతి నీళ్లను బుడుంగున చిమ్మిన కదలిక దాని ఒంటి పక్కనున్న పార్శ్వరేఖకు తెలిసిపోతుంది. సీషెల్స్‌లో ఇవే చేపలు సముద్రపక్షులను ఎగిరి పట్టడం 2017లో బీబీసీ ‘బ్లూ ప్లానెట్ 2’లో అందరూ చూశారు. పక్షికి చేప పొలుసులు లేవు కదా!

అలాగైతే నిశ్చలమైన తేటనీటిలో ఎర వెంట వచ్చిన చేప ఎందుకు వెనుదిరుగుతుందని అడగొచ్చు. నిజమే, అక్కడ దానికి పరీక్షగా చూసే తీరిక దొరుకుతుంది. కానీ చెయ్యి తిరిగినవాళ్లు అప్పుడు చాలాసార్లు ముందుగా మార్చేది రంగును కాదు. పాపర్ విప్పి, చప్పుడు చేయకుండా పాములా మెలికలు తిరిగే స్టిక్‌బెయిట్ కడతారు, లేదా లాగే వేగం మారుస్తారు. గాలికి అలలు లేచాయా, మళ్లీ పెద్దమూతి పాపరే. ఆ రొదలో చిన్న చప్పుడు చేపదాకా చేరదు. రంగుకు పోసే డబ్బు గాలాలకు పెట్టడం నయం: మూడు కొక్కేల గాలం బదులు, కొన ముల్లు నొక్కేసిన ఒంటి గాలం తగిలిస్తే, పట్టి వదిలేసే చేపకు గాయం తగ్గుతుంది.