మధ్యలో కూర్చునే మనిషి

మారేడుమిల్లి అంటే మా రాజమండ్రి కుర్రాళ్లకి బొంగు చికెన్, ఘాట్ రోడ్డు, ఆదివారం బైక్ ట్రిప్. 2025 నవంబర్ 18న మాత్రం ఆ పేరు వేరే కారణంతో ఫోన్లలో మారుమోగింది. మావోయిస్టు నేత మాడ్వి హిడ్మా, మరో ఐదుగురు ఆ అడవిలో జరిగిన ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. మా కాలేజీ వాట్సాప్ గ్రూపు రెండు ముక్కలైంది. ‘పీడ విరగడైంది’ అని కొందరు, ‘మాట్లాడి ఆపలేరా’ అని కొందరు. చివరికి ఒకడు తేల్చేశాడు: ‘తుపాకీ పట్టినోళ్లతో ఏ గవర్నమెంటైనా మాట్లాడుతుందా?’

అదే మాట మా పెదనాన్నని అడిగితే నవ్వారు. “మాట్లాడిందిరా, మన రాష్ట్రంలోనే. అప్పటికి నువ్వు నిక్కర్లేసుకుని తిరుగుతున్నావు. కూర్చోబెట్టిన వాళ్లలో పెద్దమనిషి ఎవరో తెలుసా? ఒకప్పుడు మన మన్యంలోనే నక్సలైట్లు ఎత్తుకెళ్లిన ఆఫీసరు.”

ఆ కథ చదివాక చాలా రోజులు మనసులోంచి పోలేదు.

1987 డిసెంబర్. అప్పటి తూర్పు గోదావరి ఏజెన్సీలో గుర్తేడు అనే ఊరు. అక్కడికి వెళ్లిన ఐఏఎస్ అధికారుల్ని పీపుల్స్‌వార్ వాళ్లు పట్టుకుపోయారు. వాళ్లలో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. వెట్టిచాకిరీ పోవాలని, దళితులకి, గిరిజనులకి న్యాయం జరగాలని సర్వీసంతా పాటుపడిన మనిషి. జైల్లో ఉన్న తమవాళ్లని వదిలితేనే వీళ్లని వదులుతామన్నారు. ఎన్టీఆర్ ప్రభుత్వం ఒప్పుకుంది. అధికారులంతా క్షేమంగా తిరిగొచ్చారు.

ఇంకొకరైతే ఆ తర్వాత అడవి పేరెత్తేవారు కాదేమో. శంకరన్ మాత్రం రిటైరయ్యాక, 1997లో, మరికొందరితో కలిసి పౌర స్పందన వేదిక పెట్టారు. అందులో సీనియర్ ఎడిటర్ పొత్తూరి వెంకటేశ్వరరావు, లాయర్ కన్నబిరాన్, ప్రొఫెసర్ హరగోపాల్ లాంటివాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర పదవి లేదు, బలగం లేదు. ఊళ్లకెళ్లి జనం మాట విన్నారు. ‘ఎన్‌కౌంటర్ల పేరుతో చంపకండి, చట్టం ప్రకారం నడవండి’ అని ప్రభుత్వానికి చెప్పారు. ‘ఇన్‌ఫార్మర్ అని ముద్రేసి మనుషుల్ని చంపకండి’ అని నక్సలైట్లకీ చెప్పారు. ఒకరికి చెప్పి ఇంకొకరి దగ్గర నోరు మూసుకోలేదు. అందుకే ఇద్దరూ వాళ్ల మాట విన్నారనుకుంటాను.

2002లో ఒకసారి చర్చల ప్రయత్నం జరిగి ఆగిపోయింది. 2003 అక్టోబర్‌లో అలిపిరిలో చంద్రబాబు మీద దాడి జరిగింది. ఇక మాటలుండవనే ఎవరైనా అనుకుంటారు. అయినా 2004లో కొత్త ప్రభుత్వం వచ్చాక, అక్టోబర్ 15 నుంచి 18 దాకా, హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి. ఒకవైపు హోంమంత్రి జానారెడ్డి బృందం, ఇంకోవైపు అడవిలోంచి వచ్చిన రామకృష్ణ బృందం, మధ్యలో శంకరన్‌తో పాటు మధ్యవర్తులు.

మరి ఏమైంది? రెండో విడత జరగలేదు. ఆయుధాలతో ఊళ్లలో తిరుగుతున్నారని ప్రభుత్వం, మళ్లీ ఎన్‌కౌంటర్లు మొదలయ్యాయని మావోయిస్టులు. 2005 జనవరిలో వాళ్లు తప్పుకున్నారు. ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డితో సహా పలువుర్ని కాల్చి చంపారు. రెండు రోజులకి పార్టీ మీద మళ్లీ నిషేధం పడింది.

‘చూశావా, ఫెయిలైంది’ అన్నాడు మా గ్రూపువాడు. నాకలా అనిపించలేదు. ఫెయిలైంది కూర్చోవడం కాదు, లేచాక ఏం చేయాలన్నది. ఒకరు మాట తప్పారని ఇంకొకరంటే, నిజమేంటో చూసి ఇద్దర్నీ ఒప్పించే ఏర్పాటు నిలబడలేదు. మా ఆఫీసులో యాప్ రిలీజ్ చేసిన రాత్రి కేకులు కోసుకుంటాం. అర్ధరాత్రి అది పడిపోతే లేచి చూసేవాడెవడో ముందే రాసిపెట్టుకుంటాం కూడా.

ఇదంతా అడవి గొడవ, మనకెందుకు అనుకోకండి. 2022 మే 24న అమలాపురంలో ఏ అడవీ లేదు. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు చేరుస్తూ మే 18న ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలుంటే చెప్పడానికి 30 రోజుల గడువు. ఆరో రోజుకే మంత్రి విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబడ్డాయి. బస్సులు కాలాయి. పోలీసులకి దెబ్బలు తగిలాయి. రోజుల తరబడి నెట్ కట్. వర్క్ ఫ్రం హోమ్‌లో ఉన్న మా ఫ్రెండ్స్ ల్యాప్‌టాప్‌లు పట్టుకుని రాజమండ్రి వచ్చేశారు. పక్కపక్క వీధుల్లో పెరిగిన ఇద్దరు నా గదిలోనే వారం రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పనిచేశారు.

అభ్యంతరం చెప్పుకోవడానికి కాగితం మీద దారి ఉంది. ‘అరే, ముందు ఆ దారిలో వెళ్దాం రండి’ అని చెప్పి ఆపగలిగే మనిషి మాట ఆ రోజు చెల్లలేదు. అలాంటి మాట ఒక్కరోజులో పుట్టదు. శంకరన్ మాటకి విలువ రావడానికి ఒక జీవితకాలం పట్టింది.

ఆ జాగా మన ఊళ్లలో అసలు లేదనీ కాదు. వినాయక నిమజ్జనానికి ముందు పోలీస్ స్టేషన్లో పీస్ కమిటీ మీటింగ్ పెడతారు. అన్ని వర్గాల పెద్దలు వస్తారు, టీ తాగుతారు, వెళ్తారు. పండగైపోతే కమిటీ కూడా మళ్లీ పండగ దాకా కనిపించదు. పైగా అక్కడ కూర్చునేది అరవై దాటినవాళ్లు. ఇవాళ గొడవ అంటుకునేది ఇరవై ఏళ్లవాళ్ల స్టేటస్‌లలో. ఏ ఫార్వర్డ్ అబద్ధమో, ఏ గ్రూపు వేడెక్కుతోందో ఆ పెద్దలకి తెలిసేసరికి రోడ్డు మీద టైర్లు కాలుతుంటాయి.

మన వయసువాళ్లు కూడా అందులో ఉండాలి. ఏడాదికోసారి కాదు, నెలనెలా కలవాలి. ఈసారి మా స్టేషన్లో మీటింగ్ ఎప్పుడో కనుక్కుని, నా గదిలో మొహాలు తిప్పుకున్న ఆ ఇద్దర్నీ తీసుకెళ్దామనుకుంటున్నాను. మాట్లాడనివ్వకపోతే వెనక బెంచీలో కూర్చుని వింటాం.