గంట లోపు

రొమ్ము క్యాన్సర్ ప్రత్యేక సంచికకు ఒక ఆసుపత్రిని చూసి రాయమని ఎడిటర్ అడిగితే నార్కట్‌పల్లి వెళ్లాను. చెరువుగట్టు జడల రామలింగేశ్వరుడి గుట్టకు దగ్గర్లో, హైదరాబాద్–విజయవాడ రహదారి పక్కన ఉన్న కామినేని వైద్య కళాశాల 1999లో మొదలైంది. వార్డులూ ఆపరేషన్ థియేటర్లూ చూపిస్తామన్నారు గానీ, నేను పాథాలజీ ల్యాబ్‌లో, కణజాలాన్ని పల్చటి పొరలుగా కోసే మైక్రోటోమ్ ముందే ఆగిపోయాను.

మైక్రోటోమ్ తిప్పుతున్న టెక్నీషియన్‌కు యాభై దాటి ఉంటాయి. మైనపు దిమ్మలో కూర్చిన రొమ్ము ముక్కను మంచు మీద చల్లబరిచి, బ్లేడు కింద బిగించి, చక్రం తిప్పుతున్నాడు. ఒక్కో పొర మూడు నాలుగు మైక్రాన్ల మందం, అంటే మిల్లీమీటరులో రెండువందల యాభయ్యో వంతుకు మించదు. ఒకదాని అంచుకొకటి అంటుకుని రిబ్బన్‌లా సాగుతున్న పొరలను కుంచె మొనతో ఎత్తి గోరువెచ్చని నీటి మీద పరిచాడు. ముడత విప్పుకున్నాక స్లైడుతో కింది నుంచి అందుకున్నాడు. ముడత మిగిలితే అక్కడ రంగు పేరుకుంటుంది, చదివే డాక్టరు మోసపోతారు. ఆ చేతులు ఒక్కసారి కూడా తొందరపడలేదు.

ఈ స్లైడు మీద వెతికేది రిసెప్టర్లను. అండాశయాలు తీసేస్తే కొందరిలో రొమ్ము కణితి కరుగుతుందని 1896లో గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ రాశాడు. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోన్‌ను కణంలో అందుకునే ఈస్ట్రోజన్ రిసెప్టర్‌ను 1950ల చివర్లో షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ బృందం గుర్తించింది. ఆరోగ్యంగా ఉన్న రొమ్ములోనూ ఆ రిసెప్టర్ ఉంటుంది, కానీ కొన్ని కణాల్లోనే, అక్కడొకటి ఇక్కడొకటిగా. ఆ కణాలు సాధారణంగా తాము విభజన చెందవు, పక్క కణాలకు కబురు పంపి వాటిని పెరగనిస్తాయి. క్యాన్సర్‌లో ఈ కట్టు తెగిపోతుంది. రిసెప్టర్ ఉన్న కణమే ఆగకుండా చీలుతుంది. టామాక్సిఫెన్ మాత్ర పనిచేసేది అక్కడే, ఈస్ట్రోజన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. అంత ఖరీదు లేని ఆ మాత్ర ఇవ్వాలా వద్దా అన్నది ఈ స్లైడే చెబుతుంది. రిసెప్టర్‌ను చూపే రంగు వేశాక వంద క్యాన్సర్ కణాల్లో ఒక్కదాని కేంద్రకం గోధుమరంగు పట్టినా ఈఆర్ (ఈస్ట్రోజన్ రిసెప్టర్) పాజిటివ్ కిందే లెక్క.

ఇంతలో బయటి ఊరి నుంచి రొమ్ము ముక్కతో వచ్చిన ఒక డబ్బా మూత తీసి అతను కోపంతో తల పట్టుకున్నాడు.

"చూడుండ్రి మేడం, నడుమ పచ్చిగనే ఉన్నది. ఇంత పెద్ద ముక్కను కొయ్యకుంట గట్లనే ముంచిండ్రు. ఎప్పుడు తీసిండ్రో, ఎప్పుడు ఏసిండ్రో రాయలే. నేనెట్ల చెయ్యాలె దీన్ని?"

"రంగు పట్టదా అన్నా?"

"పట్టకపోతే నెగెటివ్ అనుకుంటరు. ఆమెకు మాత్ర రాదు."

అతని కోపం నాకూ అంటుకుంది. శరీరం నుంచి తీసిన ముక్క గంట లోపు, దాన్ని భద్రపరిచే ఫార్మలిన్‌లో పడాలి. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి పోతుంది కాబట్టి పెద్ద ముక్కను సన్నగా కోసి, దానికి కనీసం పదింతల ద్రవంలో ఉంచాలి. అందులో ఆరు గంటలకు తగ్గకూడదు, డెబ్భై రెండు దాటకూడదు. లేకపోతే రిసెప్టర్ జాడ చెరిగిపోవచ్చు.

అదృష్టం బాగుంటే కణితి పక్కన మామూలు పాలనాళం ఒకటి స్లైడులో పడుతుంది. అందులోని కొన్ని కణాలైనా గోధుమరంగు పట్టాలి. అవీ పట్టలేదంటే తప్పు ముక్కను భద్రపరచడంలోనో రంగు వేయడంలోనో ఉండొచ్చు. అలాంటి స్లైడు మీద నెగెటివ్ అని రాయకూడదు. క్యాన్సర్ గురించి సాక్ష్యం చెప్పేది ఆ మంచి కణజాలమే. సూదితో తీసిన సన్నని ముక్కలో ఒక్కోసారి ఆ సాక్షి కూడా ఉండదు.

క్యాన్సర్ అనగానే మనం కొత్త యంత్రాల గురించి, ఖరీదైన మందుల గురించి మాట్లాడతాం. హెర్2 అనే మరో రిసెప్టర్‌ను పట్టుకునే ట్రాస్టుజుమాబ్‌కు అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. ఆ మందు ఎవరికి పనికొస్తుందో తేల్చేదీ ఈ పొరే. ఆ పొర కోసే చేతుల పేరు ఏ రిపోర్టు మీదా కనబడదు. చవకైన డబ్బా దగ్గర జరిగే నిర్లక్ష్యానికి ఎవరూ జవాబు చెప్పరు. శిక్ష పడేది మాత్రం ఈ స్లైడును ఎప్పుడూ చూడని మనిషికి.

ఈ నిర్లక్ష్యాన్ని ఆపడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు. ముక్క తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం చీటీ మీద రాయడాన్ని ప్రతి నర్సింగ్‌హోమ్‌లోనూ తప్పనిసరి చేయాలి. ఆ రెండు అంకెలు లేని డబ్బాను తీసుకున్నప్పుడు వెంటనే ఫోన్ చేసి నిలదీసే హక్కు టెక్నీషియన్‌కు ఇవ్వాలి. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న కుటుంబం కూడా అడగాలి: "ముక్కను ఫార్మలిన్‌లో ఏసిండ్రా? ఎన్ని గంటలకు?"