అర్జీ వేశాక మారిన వరస

2020 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా వీసాకి అర్జీ వేశాను. అది చేతికి వచ్చేసరికి 2023 వచ్చింది. ఈ మధ్యలో మా నాన్న పోయాడు. నాకు కూతురు పుట్టింది. నా కింద పని నేర్చుకున్నవాళ్ళు వేరే ఫ్యాక్టరీల్లో మేనేజర్లయ్యారు. నా అర్జీలో ఫలానా కాగితం తక్కువని ఎవరూ అనలేదు. నేను నిలబడ్డది తేదీల వరసలో కాదు, అంతే.

మాది సోలాపూర్‌లో విడీ ఘర్కుల్. కుంభారి వైపు, బీడీలు చుట్టే ఆడవాళ్ళ కోసం కట్టిన పదివేల ఇళ్ళ కాలనీ. కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం మాస్తర్ వెనక యూనియన్ ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడి తెచ్చుకున్న ఇళ్ళవి. కాలనీకి ఉద్యమ నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఇళ్ళు అప్పగించాడు. మా ఇల్లు అమ్మ పేరు మీదే ఉంది. అమ్మ బీడీలు చుడుతుంది, నాన్న సాంచాల (పవర్‌లూమ్‌ల) మీద టవళ్ళు నేసేవాడు. మా పెద్దలు కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు. పని ఉందని తెలిసింది, మూట కట్టుకుని వచ్చేశారు. వాళ్ళని పాయింట్లు అడిగినవాడు లేడు.

నన్ను అడిగారు. ఇంజినీరింగ్ చదివి టవళ్ళ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ ఇంజినీర్‌గా చేసేవాణ్ణి. ఆర్డర్లు తగ్గిన నెలల్లో జీతం రెండు ముక్కలుగా వచ్చేది. అప్పుడే ఆస్ట్రేలియా ఆలోచన పుట్టింది. ఆ దేశం వయసుకీ, చదువుకీ, ఇంగ్లీషుకీ, అనుభవానికీ పాయింట్లు కడుతుంది. కనీసం 65 ఉంటేనే పేరు నమోదు చేసుకోనిస్తారు. 25 నుంచి 32 ఏళ్ళ వాళ్ళకి వయసుకే 30 పాయింట్లు. 33 నిండితే అందులో ఐదు పోతాయి. నాకప్పుడు 32. నా డిగ్రీని అక్కడి ఇంజినీర్ల సంస్థ ఒప్పుకోవాలంటే నేను చేసిన పనుల మీద మూడు పెద్ద వ్యాసాలు ఇంగ్లీషులో రాసి పంపాలి. మరాఠీ బళ్ళో చదివినవాణ్ణి, షిఫ్టు దిగి వచ్చి రాత్రిళ్ళు రాసేవాణ్ణి. నా భార్య కూడా ఇంగ్లీషు పరీక్ష రాసింది, ఆమె పాసైతే నాకు ఐదు పాయింట్లు కలుస్తాయని.

2019 నవంబరులో 491 అనే కొత్త వీసా వచ్చింది. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ వదిలి మిగతా ప్రాంతాల్లో ఉంటామంటే, ఏదైనా రాష్ట్రం నామినేట్ చేస్తే 15 పాయింట్లు కలుస్తాయి. ఒక రాష్ట్రం నన్ను తీసుకుంది. అప్పటి ఫీజు నా ఒక్కడికే నాలుగు వేల ఆస్ట్రేలియా డాలర్ల పైచిలుకు, భార్యకి అందులో సగం. భిషీ (చీటీ) ఎత్తాం, పతసంస్థలో (పరపతి సంఘంలో) నగలు పెట్టాం. అర్జీ వేసిన రోజు అమ్మ మార్కండేయ గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

మార్చి 20న ఆస్ట్రేలియా సరిహద్దులు మూసేసింది. వారం తిరక్కుండానే మన దగ్గర లాక్‌డౌన్. సాంచాలు ఆగాయి, తునికాకు రావడం ఆగింది. ఇంట్లో ముగ్గురం సంపాదించేవాళ్ళం, ముగ్గురం ఖాళీ. అది లోకమంతటికీ వచ్చిన కష్టం, దానికి నేనెవరినీ తప్పుపట్టను. తర్వాత జరిగింది వేరు.

2020 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ప్రభుత్వం ప్రాధాన్య వృత్తుల జాబితా ఒకటి విడుదల చేసింది. మొదట 17 వృత్తులు: డాక్టర్లు, నర్సులు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, మెకానికల్ ఇంజినీర్లు. 2021 జూన్ నాటికి అవి 44 అయ్యాయి. కొత్త పేర్లు చేర్చిన ప్రతిసారీ నేనూ నా భార్యా ఫోన్‌లో వేలు పెట్టి కిందిదాకా చదివేవాళ్ళం. ప్రొడక్షన్ ఇంజినీర్ లేడు. అదీగాక అది ముఖ్యంగా అక్కడి యజమాని స్పాన్సర్ చేసినవాళ్ళ కోసం పెట్టిన జాబితా. నాకు యజమాని లేడు, రాష్ట్రం పిలుపు ఉంది. 2020-21లో శాశ్వత వలసకి మొత్తం లక్షా అరవై వేల చోట్లు పెట్టి, అప్పటికే ఆ దేశంలో ఉన్నవాళ్ళ వైపు మొగ్గారు. మేం బయట ఉన్నవాళ్ళం.

అమ్మకి ఇదంతా చెబితే ఒక్క మాటలో తేల్చేసింది. "కార్ఖానాల చెకర్ ఉంటడు కదరా. పొద్దుగాల పోయి కూసున్నా, ఎవల బీడీలు ముందు చూస్తడో వాని ఇష్టం. మనం అడుగుతమా?" ఇంతకన్నా తేటగా నాకే ఏజెంటూ చెప్పలేదు. తర్వాత వెతికి చూస్తే అక్కడి 1958 వలస చట్టంలో 51వ సెక్షన్ సరిగ్గా ఇదే చెబుతోంది: తనకి తగినదని తోచిన క్రమంలో అర్జీలు చూసే అధికారం మంత్రికి ఉంది.

2021 ఏప్రిల్‌లో రెండో వేవ్‌లో నాన్న పోయాడు. ఆస్ట్రేలియాలో మొదటి నెలల ఖర్చుకని దాచిన డబ్బు ఆస్పత్రి బిల్లుకి పోయింది. కర్మకాండలయ్యాక బంధువులు కూర్చుని అడిగారు, ఇంకా పోతావా అని. అర్జీ వెనక్కి తీసుకుంటే ఫీజు రాదు. మళ్ళీ వేద్దామంటే వయసు పాయింట్లు తగ్గాయి, ఇంగ్లీషు పరీక్షకి మూడేళ్ళ గడువు దగ్గరపడుతోంది. పిలుపు వచ్చిన రోజు ఉన్న వయసే లెక్క కాబట్టి, పాత అర్జీ బతికి ఉన్నంతసేపే నా పాయింట్లు బతికి ఉంటాయి. వదిలితే అన్నీ పోతాయి. పట్టుకుంటే ఎప్పుడో తెలియదు. నన్ను నమిలేసింది ఈ రెంటి మధ్య ఉండటమే.

ఇంటి సంగతులన్నీ ఆ అర్జీ చుట్టూ తిరిగాయి. ప్రమోషన్ ఇచ్చి మూడేళ్ళు ఉంటానని రాసివ్వమంటే రాయలేకపోయాను, దాన్ని ఇంకొకరికిచ్చారు. చెల్లి పెళ్ళి సంబంధం వస్తే అన్న ఇక్కడుంటాడా పోతాడా అని అటువాళ్ళు అడిగారు. మెడికల్ పరీక్షకి పన్నెండు నెలలే ఆయుష్షు. ఆస్ట్రేలియా గుర్తించిన డాక్టర్ సోలాపూర్‌లో లేడు, హైదరాబాద్ వెళ్ళి చేయించుకున్నాం. గడువు తీరింది, మళ్ళీ వెళ్ళాం. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి పుణే తిరిగాం. 2022 సెప్టెంబరు చివర్లో గానీ పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లో ఆ సౌకర్యం రాలేదు. పాప పుట్టగానే ఆమె పేరూ అర్జీలో చేర్చాం, ఆ పసిదానికీ పాస్‌పోర్టు తీశాం. రాత్రి అందరూ పడుకున్నాక అర్జీ ఖాతా తెరిచి చూడటం ఒక రోగంలా అంటుకుంది. ఎప్పుడు చూసినా అదే మాట: అందింది.

మా పక్క వీధిలో ఒక అమ్మాయి ఉంది. వాళ్ళమ్మా మా అమ్మా ఒకే కార్ఖానాకి బీడీలు పోసేవాళ్ళు. ఆ పిల్ల నర్సింగ్ చదివి పుణేలో పనిచేసేది. నా కన్నా చాలా వెనక అర్జీ వేసింది, నా కన్నా ముందు వెళ్ళిపోయింది. 2022 అక్టోబరు 28న ఆస్ట్రేలియా మంత్రి ఇచ్చిన 100వ నంబరు ఆదేశం ఆమెకి కలిసొచ్చింది. ఆరోగ్యం, బోధన వృత్తులు మొదటి వరస. గుర్తింపున్న యజమానులు స్పాన్సర్ చేసినవాళ్ళు రెండో వరస. నాలాంటి ప్రాంతీయ వీసాలవాళ్ళు మూడో వరస. అప్పటికే వేసి తేలకుండా ఉన్న అర్జీలకీ ఈ వరసే వర్తిస్తుందన్నారు. నర్సుల, టీచర్ల అర్జీలు మూడు రోజుల్లో చూడటం మొదలుపెడుతున్నామని కూడా ప్రకటించారు.

ఆ పిల్ల మిఠాయి డబ్బాతో మా ఇంటికి వస్తే అమ్మ మనస్ఫూర్తిగా దీవించింది. నాకు కడుపులో మంట లేదంటే అబద్ధం. కానీ కోవిడ్ వార్డులో ఆ పిల్ల ఎలా పనిచేసిందో నాకు తెలుసు. ఆస్పత్రుల్లో నర్సులు లేని దేశం నర్సుని ముందు పిలిస్తే టవళ్ళ ఇంజినీర్ అడ్డుపడకూడదు. అందులో న్యాయం ఉంది. నేను ఒప్పుకోలేనిది ఇంకోటి: ఫీజు తీసుకున్నప్పుడు ఉన్న వరస ఒకటి, ఫీజు తీసుకున్నాక పెట్టిన వరస ఇంకొకటి. నువ్వు ఎక్కడున్నావో చెప్పే నంబరు లేదు. ఇంత గడువులో అవునో కాదో చెబుతామన్న మాట లేదు. వద్దనుకుని తప్పుకుంటే డబ్బు రాదు.

మూడో వరసలో ఉన్న నా ఫైలు కొన్నాళ్ళకి కదిలింది. మళ్ళీ మెడికల్ అడిగారు, పంపాం. 2023లో ఒక ఉదయం షిఫ్టుకి బయల్దేరుతుండగా ఈమెయిల్ వచ్చింది. అమ్మ ఏడ్చింది, అది సంతోషమో కాదో నేను అడగలేదు. ఆ వీసాలో భార్యకీ బిడ్డకీ చోటుంది, తల్లికి లేదు. అమ్మ మా చెల్లి దగ్గర ఉండిపోయింది, ఇప్పటికీ బీడీలు చుడుతుంది. ఇక్కడికి, ఆస్ట్రేలియాకి వచ్చి మొదట ప్యాకింగ్ షెడ్డులో చేశాను, తర్వాత యంత్రాల మెయింటెనెన్స్‌లో కుదురుకున్నాను. ఐదేళ్ళ వీసా ఇది. మూడేళ్ళు ఆ మూడు నగరాల బయట ఉండి, మూడు ఏడాదుల పన్ను లెక్కలు చూపిస్తే శాశ్వత వీసాకి అర్జీ పెట్టుకోవచ్చు. అంటే మళ్ళీ ఒక వరస. నేను వచ్చిన ఏడాది డిసెంబరులోనే ఆ వరస కూడా మారింది: 105వ ఆదేశంతో ఆ నగరాల బయట యజమాని స్పాన్సర్ చేసిన పనులు మొదటికి వచ్చాయి, నర్సులూ టీచర్లూ రెండోవాళ్ళయ్యారు. ఇది ఒక్క ఆస్ట్రేలియా సంగతి కాదు. కెనడా కూడా 2023 జూన్ నుంచి వృత్తుల వారీగా విడివిడిగా పిలవడం మొదలుపెట్టింది.

విడీ ఘర్కుల్‌లో ఇప్పుడు అర్జీలు వేస్తున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పేది ఇదీ. వెయ్యండి. కానీ అర్జీ వేసిన తేదీ మీకు హక్కు ఇవ్వదు. ఆ దేశానికి ఏ ఏడు ఎవరు కావాలో ఆ ఏడే ప్రభుత్వం తేల్చుకుంటుంది, వచ్చే ఏడు మార్చుకుంటుంది. ఏజెంటు మాట కాకుండా ప్రభుత్వం సొంత వెబ్‌సైట్‌లో ప్రాధాన్య క్రమం ఏముందో మీరే చదవండి. వచ్చిన ప్రమోషన్ తీసుకోండి. చెల్లి పెళ్ళి చెయ్యండి. అమ్మ ఇంటి కాగితాలు మాత్రం ఏ అప్పుకీ తాకట్టు పెట్టకండి. వీసా వస్తే అప్పుడు వెళ్ళండి, రాకపోయినా మీ బతుకు ఆగి ఉండకూడదు.

ఫీజు కట్టించుకునే ప్రభుత్వాలని నేను అడిగేది ఒక్కటే. ముందు ఎవరిని పిలుస్తారో మీ ఇష్టం. వెనక నిలబెట్టినవాళ్ళకి ఎంతకాలమో చెప్పండి, లేదా వాళ్ళ డబ్బు వాళ్ళకి తిరిగివ్వండి.