జార్జి టౌన్‌లో నాగరత్నమ్మగారి కోసం

మద్రాసు వెళ్ళినవాళ్ళం మనం ఏం చేస్తాం? టి. నగర్‌లో చీరలు కొంటాం, డిసెంబరయితే మైలాపూరులో కచేరీలు వింటాం, టైముంటే బీచికి వెళ్తాం. జార్జి టౌన్‌కి మాత్రం పనుంటే తప్ప ఎవరూ వెళ్ళరు. అందుకే "పిన్నీ, రేపు పొద్దున్న జార్జి టౌన్ వెళ్దామా?" అంటే మా పిన్ని ఒక్క నిమిషం నన్ను ఎగాదిగా చూసి, "ఏమే, శుభలేఖలు అచ్చువేయించాలా? చెప్పనేలేదే!" అంది. ఆండర్సన్ వీధిలో కాగితాల కొట్లూ, శుభలేఖల కొట్లూ అంత ప్రసిద్ధి మరి.

శుభలేఖలకి కాదు, నాగరత్నమ్మగారి కోసం అని చెప్పాను. పిన్ని నవ్వేసి, "ఆవిడ పోయి డెబ్బై ఏళ్ళు దాటింది కదే. సరే, ఎండ ఎక్కకముందే బయల్దేరదాం" అంది.

నేనెందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. మా ఊళ్ళో ఏటా త్యాగరాజ ఆరాధన చేస్తాం. మాకది పుష్య బహుళ పంచమినాడు రాదు, మంచు కరిగి, హాలు దొరికిన శనివారంనాడు వస్తుంది! పంతొమ్మిదేళ్ళుగా పంచరత్న కీర్తనల గోష్ఠికి ముందు కూర్చుని తాళం వేస్తున్నది నేనే. ఎత్తుగడ ఇవ్వడం, ఎవరైనా పరుగెడితే కళ్ళతో ఆపడం, చరణం మరిచిపోయినవాళ్ళకి పెదవులతో అందించడం, అన్నీ నేనే. కిందటి ఏడు రిహార్సల్లో, మా దగ్గరే పాట నేర్చుకుని ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్న ఒక అమ్మాయి, "ఆంటీ, ఈసారి గౌళ కీర్తనకి నేను తాళం పట్టుకోనా?" అని అడిగింది. "చూద్దాంలే" అన్నాను.

మన ఇళ్ళలో "చూద్దాంలే" అంటే అర్థం ఏమిటో మీకు తెలుసు. ఆ అమ్మాయికీ తెలిసింది. మళ్ళీ అడగలేదు. ఈ మధ్య నా గొంతు పై షడ్జం దగ్గర జారిపోతోంది. రేపు నేను కూర్చోలేకపోతే ఎవరు కూర్చుంటారు అని ఆలోచిస్తే ఒక్క పేరు తట్టలేదు. ఆ దిగులుతోనే ఈ ప్రయాణం.

హైకోర్టు స్టేషన్‌లో మెట్రో దిగి పైకొచ్చేసరికి ఎర్రటి కోర్టు గుమ్మటాలు, ఎదురుగా ప్యారీస్ కార్నర్. చేతిబళ్ళు, మూటలు, హారన్లు. లింగిశెట్టి వీధి, తంబుశెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి... వీధుల పేర్లు చదువుకుంటూ వెళ్తే ఏదో తెలుగు ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది. ఆంగ్లేయుల కాలంలో దీన్ని బ్లాక్ టౌన్ అనేవారు. 20వ శతాబ్దం మొదట్లో ఐదవ జార్జి గౌరవార్థం జార్జి టౌన్ అయింది. నడుమ బ్రాడ్వే. దానికి తూర్పున ముత్యాలపేట, పడమట పెద్దనాయకన్ పేట. ఆ బ్రాడ్వేకి ఇప్పుడు మన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరుంది, ప్రకాశం సాలై అని. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దానితో పనుంది.

ముందు బందర్ వీధికి వెళ్ళాం. త్యాగరాజస్వామి మద్రాసు వచ్చినప్పుడు కోవూరు సుందరేశ ముదలియారు అనే ఆయన ఇంట్లో బస చేసింది ఈ వీధిలోనే. ఆ ముదలియారు స్వగ్రామం మీద పాడినవే కోవూరు పంచరత్నాలు. స్వామి శిష్యుడు వీణ కుప్పయ్యర్ కాపురం కూడా ఈ ముత్యాలపేటలోనే. ఇప్పుడు ఆ వీధిలో తంబురా నాదం ఎక్కడుంది, బేరాల గోల తప్ప! పిన్ని మాత్రం ఒక కొట్టు మెట్టు మీద చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుంది. కొట్టతను మమ్మల్ని వింతగా చూశాడు.

అక్కణ్ణించి రామకృష్ణ వీధి. వీణ ధనమ్మాళ్ (1867 - 1938) ఉన్న వీధి ఇది. శుక్రవారం సాయంత్రం ఆవిడ ఇంట్లో వీణ వాయిస్తూ పాడుతుంటే పెద్ద పెద్ద విద్వాంసులు వచ్చి నిశ్శబ్దంగా కూర్చునేవారట. తర్వాతి రోజుల్లో ఆవిడకి చూపు పోయింది. మన క్షేత్రయ్య పదాలు ఇవాళ కచేరీల్లో వినబడుతున్నాయంటే ఆ ఇంటికి చాలా రుణపడి ఉన్నాం. తెలుగు పదాలు తమిళదేశంలో అమ్మమ్మ నుంచి తల్లికి, తల్లి నుంచి కూతురికి అందాయి. మనుమరాళ్ళు బృంద, ముక్త పదాలు పాడారు, మరో మనుమరాలు బాలసరస్వతి వాటికి అభినయం పట్టింది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి అంతటి ఆవిడ బృందమ్మ దగ్గర కూర్చుని పదాలు నేర్చుకున్నారు. అంటే ధనమ్మాళ్ తన విద్యను తన వేళ్ళతోనే ఆపేయలేదు. నాకు అక్కడే మొదటి చురక తగిలింది.

ఇక నాగరత్నమ్మగారు. 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో, దేవదాసి కుటుంబంలో పుట్టారు. బెంగుళూరులో పాటకి పేరు తెచ్చుకుని, తర్వాత మద్రాసు వచ్చి ఈ జార్జి టౌన్‌లో ఇల్లు చేసుకున్నారు. సంస్కృతం, తెలుగు, కన్నడం బాగా చదువుకున్న మనిషి. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన 'రాధికాసాంత్వనము'కి సరైన ప్రతి సంపాదించి, 1910లో అచ్చువేయించారు. వేసినవారు ఇక్కడి ఎస్ప్లనేడులోని వావిళ్ళవారే. ఒక స్త్రీ శృంగారం రాయడమా అని పెద్దలు మండిపడ్డారు, ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. చివరికి నిషేధం ఎత్తివేయించినది ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం. అందుకే బ్రాడ్వే దాటేటప్పుడు ఆ బోర్డుకేసి చూసి ఒక నమస్కారం పెట్టాను. తనకంటే ముందు నడిచిన ఒక స్త్రీ పేరు మట్టిలో కలిసిపోకుండా పైకి తీయడం కూడా నాయకత్వమే గదా!

1921లో తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుపడి ఉందని గురువుగారు బిడారం కృష్ణప్ప నుంచి నాగరత్నమ్మగారికి ఉత్తరం వచ్చింది. ఆవిడ వెళ్ళి, స్థలం సంపాదించి, తన నగలూ నాణ్యమూ ఖర్చుపెట్టి అక్కడ గుడి కట్టించారు. తీరా కట్టాక చూస్తే, ఆరాధన జరిపే మగవాళ్ళు రెండు పక్షాలు, పెద్ద కట్చి, చిన్న కట్చి. ఆ రెంటికీ ఒకదానితో ఒకటి పడదు. పడేది ఒక్క విషయంలోనే: ఆడవాళ్ళు పాడకూడదు! గుడి కట్టించిన మనిషికే ఆ గుడి ముందు పాడే హక్కు లేదు.

మీరూ నేనూ అయితే ఏడ్చి ఇంటికి వచ్చేసేవాళ్ళం. ఆవిడ 1927లో మూడో పక్షం పెట్టారు, స్త్రీల కట్చి. ఊరూరి నుంచి దేవదాసి కళాకారిణులను కూడగట్టి, సమాధి వెనకవైపు కూర్చోబెట్టి, సంగీతం, హరికథ నడిపించారు. ముందు చోటు ఇవ్వకపోతే వెనక చోటే చాలునని మొదలుపెట్టారు. 1940, 41 ప్రాంతంలో పక్షాలన్నీ ఒకటయ్యాక స్త్రీలకూ స్వామి ముందు పాడే వీలు దొరికింది. ఇవాళ మనం ఊరూరా చేసే పంచరత్న గోష్ఠిగానం స్థిరపడిందీ ఆ తర్వాతనే.

ఇక్కడ ఒక్క మాట. గోష్ఠి నడపడం అంటే గట్టిగా పాడడం కాదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, అయిదూ ఆదితాళమే. కానీ అయిదింటికీ ఒకే నడక పెడితే ప్రాణం పోతుంది. యాభై మంది ఊపిరిని ఒక చేతి మీద నిలబెట్టాలి. మగవాళ్ళ శ్రుతి ఒకటిన్నర, ఆడవాళ్ళది అయిదు, అయిదున్నర. అందరూ కలిసి పాడితే ఎవరి శ్రుతి పెట్టాలి? మా ఊళ్ళో చాలా ఏళ్ళు మగవాళ్ళ శ్రుతే పెట్టేవారు, మేము కిందికి దిగలేక గొణుక్కునేవాళ్ళం. ఆ శ్రుతిపెట్టె మీట మార్చమని అడగడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. శ్రుతి నిర్ణయించేవారే నాయకులని అప్పుడు తెలిసింది.

ఇది మన ఒక్కరి కథే కాదు. పాశ్చాత్య సంగీతంలోనూ బృందం ముందు నిలబడి చెయ్యి ఊపే చోటు ఎన్నాళ్ళో మగవాళ్ళదే. ఫ్రాన్సు దేశపు నాదియా బూలాంజే 1937లో లండన్ రాయల్ ఫిల్‌హార్మోనిక్ సొసైటీ కచేరీ నడిపిస్తే, ఆ పని చేసిన మొదటి స్త్రీ అని చెప్పుకున్నారు. నాగరత్నమ్మగారు సమాధి వెనక ఆడవాళ్ళ గోష్ఠి నడిపిన తర్వాత పదేళ్ళకి! ఆ బూలాంజే కూడా ఎక్కువ పేరు తెచ్చుకున్నది తను తయారుచేసిన శిష్యుల వల్లనే.

ఎండ ఎక్కింది. జంట గుళ్ళు, చెన్నకేశవుడు, చెన్నమల్లీశ్వరుడు, చూసుకుని ఒక చిన్న హోటల్లో కాఫీకి కూర్చున్నాం. అప్పుడు పిన్నికి నా "చూద్దాంలే" సంగతి చెప్పాను. పిన్ని డబరాలోకి కాఫీ తిరగబోస్తూ అంది:

"మా చిన్నప్పుడు మా వీధిలో పాట చెప్పే పంతులమ్మగారు ఉండేవారే. శుక్రవారం భజనకి మేం పదిమంది పిల్లలం. ప్రతి శుక్రవారం ఒక పిల్లని మధ్యలో కూర్చోబెట్టి తాళం చేతికిచ్చేవారు. ఆవిడ మాత్రం వెనక గోడకి ఆనుకుని కూర్చునేవారు. నేను మొదటిసారి రెండు ఆవర్తాలు తప్పేశాను. ఆవిడ పలకలేదు. అయిపోయాక, తప్పితే తప్పింది, చెయ్యి ఆపలేదు కదా, అదే కావాలి అన్నారు. ఇప్పటికీ ఆ పదిమందిలో ఎవరినైనా కూర్చోబెట్టు, గోష్ఠి నడిపిస్తాం."

"మీ పంతులమ్మగారికి తన చోటు పోతుందన్న భయం లేదా పిన్నీ?"

"చోటు ఎక్కడికి పోతుందే? గోడ దగ్గర కూర్చున్నా ఆవిడే కదా పంతులమ్మ!"

తిరిగి వస్తూ దారిలో నాకు నాగరత్నమ్మగారి వీలునామా గుర్తొచ్చింది. 1949లో ఆవిడ తన ఆస్తిని ట్రస్టుకి రాసిచ్చేస్తూ ఒక షరతు పెట్టారు: దేవదాసి కళాకారిణులతో సహా స్త్రీలు అక్కడ స్వామి సేవ చేసుకోవడానికి అడ్డుండకూడదు అని. 1952లో తిరువయ్యారులోనే కన్నుమూశారు. స్వామి సమాధికి ఎదురుగా ఆవిడ విగ్రహం చేతులు జోడించి కూర్చుని ఉంటుంది. తను పాడడం కోసం పోరాడిన మనిషి, తన తర్వాత పాడేవాళ్ళ కోసం కాగితం మీద రాసిపెట్టి వెళ్ళారు. నేను పంతొమ్మిదేళ్ళు పాడి ఏం రాసిపెట్టాను? "చూద్దాంలే" అన్న ఒక్క మాట.

ఊరికి వచ్చిన వారానికే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "గౌళ ఒక్కటే కాదమ్మా, ఆరభి కూడా నువ్వే నడపాలి" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "తప్పితే ఆంటీ?" అంది. "తప్పితే తప్పుతుంది. చెయ్యి మాత్రం ఆపకు" అన్నాను. ఆ మాట నాది కాదని, జార్జి టౌన్ వీధిలో పేరు కూడా తెలియని ఒక పంతులమ్మగారిదని ఇంకా చెప్పలేదు. ఇది చదివాక తెలుసుకుంటుంది.

ఆదివారాలు రిహార్సల్ జరుగుతోంది. మొదటిరోజు ఆరభిలో తాళం పరుగెత్తింది. నా చెయ్యి దానంతట అదే లేచింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. పంతొమ్మిదేళ్ళలో నేను చేసిన కష్టమైన సాధన అదేనేమో! మూడో చరణానికి ఆ పిల్లే సర్దుకుంది.

ఈ ఏడు ఆరాధనకి మీరందరూ పిల్లలతో రండి. నేను ఎక్కడున్నానా అని ముందు వరసలో వెతక్కండి. వెనక, గోడ దగ్గర ఉంటాను.